పెరవారా వైపు నుంచి వచ్చే గొంతులు

హల్లయోకిలో నలభై ఏళ్ళకు పైగా కాపురం చేసినా సైమిని మా ఊరివాళ్ళు "దక్షిణాది పిల్ల" అనే అనేవారు. జుట్టు నెరిసినా, పళ్ళు కట్టించుకున్నా, పిల్లే. ఆమె పుట్టింది దేశానికి అడుగున, నైరుతి మూల దీవుల్లో. అక్కడ జనవరిలో వాన పడుతుందని ఆమె చెబితే మా ముసలివాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఈ పిల్ల కోతలు బాగానే కోస్తుందే అనుకున్నారట.

మా ఊరి ఓయివా ఓడల కార్ఖానాలో పనికని అటు వెళ్ళి, రెండేళ్ళ తర్వాత పెళ్ళాంతో తిరిగొచ్చాడు. ఆమె సామానులో కిటికీకి తగిలించుకునే థర్మామీటర్ ఒకటి ఉండేది, తండ్రి ఇచ్చినది. మొదటి జనవరిలోనే ఒక పొద్దున చూస్తే అందులోని పాదరసం అడుగుకు పోయి బుడ్డిలో రాయిలా బిగుసుకుంది. మేం వాడేవన్నీ ఎర్ర స్పిరిట్ పోసినవి. మైనస్ నలభై దగ్గర పాదరసం చేతులెత్తేస్తుందని దీవుల్లో ఎవరికి తెలుస్తుంది? పుట్టింటి వస్తువు పాడైపోయిందని సైమి ఏడుస్తూ కూర్చుంది. అత్తగారు దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"పాడవలేదే పిల్లా. బెదిరింది. పొయ్యి దగ్గర పెట్టు, తేరుకుంటుంది" అని నవ్వుతూ బల్ల మీద కూలబడిపోయింది.

నా పేరు తౌనో. సైమి ఇంటి పక్కిల్లే మాది. మా పెరట్లో తెల్ల పలకల పెట్టె ఒకటి ఉంది, కాళ్ళ మీద నిలబెట్టినది. అందులో చలిని కొలిచే సామాను ఉంటుంది. రోజూ దాన్ని చూసి రాజధానికి చెప్పడం నా పని. దానికేమీ తెలివి అక్కర్లేదు, పొద్దున్నే పక్క దిగే ఓపిక ఉంటే చాలు. పొద్దుటి రేడియోలో దేశమంతటి చలీ వరసగా చదువుతారు. దీవుల దగ్గర మొదలుపెట్టి, పడమటి తీరం మీదుగా, తూర్పు అడవుల మీదుగా పైకి వస్తూ చివరికి మా ఊరి పేరు. దీవుల్లో ప్లస్ ఒకటి, మా దగ్గర మైనస్ ముప్పై తొమ్మిది. ఒకే దేశం, ఒకే ప్రభుత్వం, ఒకే పన్ను. ఆ తర్వాత ఈ నెలకు ఫలానా చోట ఫలానా అంత సాధారణం అని కూడా చెబుతారు. మాకు సాధారణం మైనస్ పద్నాలుగు.

"నలభై ఏళ్ళుగా వింటున్నాను ఆ సాధారణం గురించి. ఒక్కసారైనా ఎదురుపడితే పలకరిద్దామని చూస్తున్నా" అనేది సైమి.

నిజమే, మా ఊరు అలాంటి చోట ఉంది. చుట్టూ కొండలు, మధ్యలో సరస్సు, సరస్సు ఒడ్డున మేము. గాలి ఆగిపోయి ఆకాశం తేటపడితే చలంతా కొండల మీది నుంచి జారి వచ్చి మా ఇళ్ళ మధ్య మడుగు కడుతుంది. కొండ మీదికి ఎక్కితే పదిహేను డిగ్రీలు తక్కువ చలి. కొండ మీద కట్టుకోవచ్చుగా అని దక్షిణాదివాళ్ళు అడుగుతారు. చేపలు కొండెక్కవు కాబట్టి మేమూ ఎక్కలేదు.

కొత్త కోడలికి ఊరంతా కలిసి చలి పాఠాలు నేర్పింది. వట్టి చేత్తో ఇనుము ముట్టుకోకు. పరిగెత్తకు, ఊపిరితిత్తులు కాలతాయి. నడుస్తున్న ఇంజన్ ఆపకు. అన్నిటికంటే ముఖ్యమైనది, వినపడిన దాన్నల్లా నమ్మకు.

మైనస్ నలభై దాటితే చప్పుళ్ళ తీరు మారిపోతుంది. కింద చలిగాలి, పైన కొంచెం వెచ్చటి గాలి మూతలా కూర్చుంటుంది. చప్పుడు పైకి పోలేక మంచు మీదే పాకుతూ ఎంతో దూరం వస్తుంది. సరస్సు అవతలి ఒడ్డున పెరవారా అని ఇంకో ఊరుంది, ఐదు కిలోమీటర్లు ఉంటుంది. అలాంటి రోజున పెరవారాలో ఎవరైనా కట్టెలు కొడితే గొడ్డలి మా పెరట్లోనే పడ్డట్టుంటుంది. పెరవారాలో యాల్మారి అనే కుర్రాడి తల్లి మొగుణ్ణి తిట్టే తిట్లు విని మా ఊరి ఆడవాళ్ళు కొత్తవి నేర్చుకునేవారు. ఆదివారం చర్చి దగ్గర ఆయన కనపడితే, "ఏమయ్యా, శుక్రవారం నాటి సూపులో ఉప్పు సరిపోయిందా?" అని అడిగేవాళ్ళం. పాపం, ఎర్రబడిపోయేవాడు.

అందుకని గడ్డచలిలో ఎవరిదో తెలియని చప్పుడు వినపడితే మా ఊళ్ళో ఒకటే మాట, "పెరవారా వాళ్ళే అయ్యుంటారు." సైమికి కూడా అదే నేర్పారు. ఎక్కడో కుక్క మొరిగితే, తలుపు పడితే, ఎవరో దగ్గితే చప్పున గుమ్మంలోకి పరిగెత్తేది మొదట్లో. నాలుగు చలికాలాలు నవ్వించుకున్నాక పరిగెత్తడం మానేసింది.

ఓయివా పోయిన చలికాలం నేను ఊళ్ళో లేను, కెమి పట్నంలో పనిచేస్తున్నాను. నా భార్య కెర్తు ఉంది. ఆ రోజు ఏం జరిగిందో కెర్తు నాకు ఒక్కసారే చెప్పింది, రెండోసారి నేను అడగలేదు.

ఓయివా సరస్సు దాటి, పెరవారా వెనకాల అడవిలో రెయిన్‌డీర్ల మందను చూసి రావడానికి వెళ్ళాడు. బుధవారం వస్తానన్నాడు. చలి ముదురుతోందని మంగళవారమే తిరిగి బయల్దేరాడు. ఆ సంగతి సైమికి తెలియదు. మధ్యాహ్నం సైమి, కెర్తు మంచులో కొట్టిన గుంట దగ్గర నీళ్ళు తోడుతున్నారు. దూరంగా ఒక పిలుపు వినపడింది. పేరేమీ లేదు, సాగదీసిన "ఓ" ఒక్కటే. గడ్డచలిలో గొంతు పోల్చుకోలేం. ఒళ్ళు ఒలిచేసినట్టు సన్నగా వస్తుంది, మనిషి తెలియడు.

"ఎవరో పిలుస్తున్నారు కెర్తూ" అంది సైమి.

"పెరవారా వాళ్ళేలేవే. కుక్క తప్పించుకుపోయి ఉంటుంది" అంది కెర్తు.

మళ్ళీ వినపడింది. సైమి బకెట్ దించి కాసేపు నిలబడింది. తర్వాత, "ఆ, పెరవారా వాళ్ళే అయ్యుంటారు" అని తనే పైకి అంది. ఇంట్లోకి పోయి ఇద్దరూ కాఫీ తాగారు. చీకటి పడేదాకా అప్పుడప్పుడు వినపడుతూనే ఉందట. తర్వాత వినపడలేదు.

బుధవారం సాయంత్రానికి కూడా రాకపోయేసరికి వెతకడానికి వెళ్ళారు. సరిగ్గా సరస్సు నడిమధ్యన దొరికాడు, మోటారు మంచుబండి బోర్లాపడి, దాని కింద కాలు విరిగి. కూర్చునే ఉన్నాడు. మొహం మా ఊరి వైపే ఉందట.

ఇది జరిగాక సైమి దీవులకు వెళ్ళిపోతుందని అంతా అనుకున్నారు. అక్కగారి ఉత్తరాలు వచ్చేవి, రమ్మని. వెళ్ళలేదు. స్కూల్లో వంటపని చేసుకుంటూ ఆ ఇంట్లోనే ఉండిపోయింది. నేను కెమి నుంచి తిరిగి వచ్చేసరికి ఆమెకు కొత్త అలవాటొకటి పట్టుకుంది. మైనస్ నలభై దాటితే చాలు, ఆమె గుమ్మం వదిలేది కాదు. ఏ చప్పుడు వినపడినా, "ఎవరది?" అని గట్టిగా అడిగేది. నేను కుక్కను పిలిస్తే "ఎవరది?" ఎవరో తుమ్మితే "ఎవరది?" మా ఊళ్ళో ఒకతను కట్టెల షెడ్డు వెనకాల నిలబడి తనలో తను పాడుకుంటుంటే "ఎవరది?" వినపడి సగం పనిలో ఉలిక్కిపడ్డాడు. నవ్వుకునేవాళ్ళం, విసుక్కునేవాళ్ళం కూడా. జవాబు చెప్పేదాకా ఆమె ఊరుకునేది కాదు.

జవాబు రాకపోతే మాత్రం ఎవరం నవ్వేవాళ్ళం కాదు. ఉన్ని బూట్లు తొడుక్కుని, కాలితో నెట్టుకునే చెక్కబండి తీసుకుని సరస్సు మీదికి బయల్దేరేది. ఒకసారి అలాగే వెళ్ళి చలికి చెవి తమ్మె పోగొట్టుకుంది. ఇంకోసారి రెండు కాలి వేళ్ళు తీసేశారు. మోకాళ్ళు అరిగాయి, గుండె కూడా అంతంతమాత్రమేనని డాక్టరు చెప్పాడు. ఈసారి గడ్డచలిలో సరస్సు మీదికి వెళితే తిరిగి రాదని నాకు తెలుసు, కెర్తుకూ తెలుసు.

"ఎందుకే ఈ చావు చస్తావు? దీవులకు పో. హాయిగా వానలో తడవొచ్చు" అన్నాను ఒకసారి.

"అక్కడ పక్కింటివాళ్ళ మాటే వినపడదు తౌనో. ఇక్కడుంటేనే కదా వినేది" అంది. "ఒక్క పిలుపు. ఒక్కటంటే ఒక్కటి, సమయానికి అందుకున్నాననుకో, ఇక ఎక్కడికి పొమ్మంటే అక్కడికి పోతా."

ఆమెకు కావాల్సింది అదొక్కటే. నాకు కావాల్సింది ఆమె బతికి ఉండడం. పక్కింట్లో పొగ లేవని ఊరు నాకు నచ్చదు. గడ్డచలిలో మేం పొద్దున లేచి మొదట చూసేది పక్కింటి పొగగొట్టాన్నే. పొగ లేస్తే మనిషి లేచినట్టు. సైమి పొగ చూశాకే నేను కాఫీ పెట్టుకునేవాణ్ణి.

ఆమె డెబ్బై దాటిన ఏడాది, జనవరిలో, మైనస్ నలభై ఏడు పడింది. నలభై ఎనిమిదయితే దేశంలో ఆ చలికాలానికి మాదే పైచేయి అని మా కుర్రాళ్ళు పందాలు కాసుకుంటున్నారు. సూర్యుడు రాడు ఆ రోజుల్లో, మధ్యాహ్నం ఒక రెండు గంటలు నీలంగా వెలుతురుంటుంది అంతే. పొగలన్నీ తిన్నగా లేచి, కొండ ఎత్తున ఏదో అడ్డం తగిలినట్టు ఆగి, అక్కడే పరుచుకున్నాయి. ఇళ్ళ దూలాలు తుపాకులు పేలినట్టు పేలుతున్నాయి. పక్షి అన్నది లేదు. ఆ పొద్దున సైమి వంటింటి నీళ్ళ గొట్టం గడ్డకట్టిందంటే వేడిగుడ్డలు చుట్టడానికి వెళ్ళాను. రేడియో వాగుతోంది. ఆమె పొయ్యి మీద బార్లీ రొట్టె కాలుస్తోంది.

అప్పుడు వినపడింది.

చాలా సన్నగా, సాగదీసిన "ఓ". మూసిన తలుపులోంచి, రెండు పొరల కిటికీలోంచి వచ్చింది. నా చేతిలోని గుడ్డ అలాగే ఉండిపోయింది. సైమి రొట్టె పక్కన పెట్టింది. రేడియో గొంతు తగ్గించింది, కట్టెయ్యలేదు. రెండోసారి కూడా వచ్చింది, అంతే సన్నగా.

ఆమె మాట్లాడకుండా బూట్ల దగ్గరకు నడిచింది. నేను వెళ్ళి తలుపుకు అడ్డం నిలబడ్డాను.

"పెరవారా వాళ్ళు, సైమీ."

"తప్పుకో."

"తప్పుకోను. నీ గుండె సంగతి నీకు తెలుసు. గుమ్మం దిగితే చస్తావు."

"తప్పుకో తౌనో. ఆ మాట నా దగ్గర అనకు. మీరే నేర్పారు నాకు ఆ మాట." ఆమె బల్ల మీద కూర్చుని బూట్లు తొడుక్కోవడం మొదలుపెట్టింది. వంగలేక రొప్పుతోంది. "నేనెందుకు నిద్రపోలేనో తెలుసా? వాడి పిలుపు నాకు వినపడింది, అందుకు కాదు. చప్పుడు ఇటునుంచి అటు కూడా పోతుంది కదా. నా మాట వాడికి వినపడింది. పెరవారా వాళ్ళే అయ్యుంటారు అని నేనన్నది వాడు విన్నాడు. తర్వాత తలుపు వేసుకున్న చప్పుడు, కప్పుల చప్పుడు, అన్నీ విన్నాడు."

ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా నాకు ఆ ఆలోచన రాలేదు. ఓయివా ఎలా పిలిచి ఉంటాడా అనుకున్నాను కానీ, ఏం విని ఉంటాడని అనుకోలేదు.

అయినా తలుపు వదల్లేదు. "ఉండు. యాల్మారికి ఫోన్ చేస్తాను. వాళ్ళే అని తేలితే బూట్లు విప్పుతావా?" అన్నాను.

ఆమె "నాకు వినపడేలా చెయ్యి" అంది.

ఫోన్ బల్ల మీద పెట్టి, పెద్దగా వినపడే మీట నొక్కాను. యాల్మారి వెంటనే ఎత్తాడు. ఇప్పుడు అతనూ అరవై దాటినవాడే.

"యాల్మారీ, మీలో ఎవరు అరుస్తున్నారయ్యా? సైమి ఇక్కడ బూట్లు తొడుక్కుని కూర్చుంది."

అవతల గడియారం కొట్టుకోవడం వినపడింది.

"మీ వాళ్ళు కాదా?" అన్నాడు యాల్మారి. "మేం హల్లయోకి వాళ్ళే అనుకున్నాం."

సైమి లేచి నిలబడింది. ఫోన్ దగ్గరకు వంగి, "ఆ రోజు?" అంది.

"ఏ రోజు?"

"ఏ రోజో నీకు తెలుసు. ఆ రోజు మీకు వినపడిందా?"

యాల్మారి ఊపిరి పీల్చడం వినపడింది. "వినపడింది సైమీ. ఊరంతటికీ. నాకప్పుడు ఇరవై ఏళ్ళు. బండి తీస్తానంటే మా నాన్న, హల్లయోకి వాళ్ళ గోల మనకెందుకురా అన్నాడు. ఆ తర్వాత ఎప్పుడూ ఎవరికీ చెప్పొద్దన్నాడు. మీ మొహం చూడలేక చర్చిలో వెనక బల్ల మీద కూర్చునేవాళ్ళం."

ఆమె ఏడుస్తుందనుకున్నాను. తిడుతుందనుకున్నాను. "అయితే రెండు ఊళ్ళూ వినపడ్డాయన్నమాట వాడికి" అని మాత్రం అంది, చాలా మామూలుగా. తర్వాత, "మళ్ళీ పిలిచాడు, విన్నావా?" అంది. విన్నాను. ఫోన్లో యాల్మారి కూడా విన్నానన్నాడు.

మా షెడ్డులో మంచుబండి వెచ్చగానే ఉంది. వెనక కట్టిన స్లెడ్జిలో రెయిన్‌డీర్ తోళ్ళు పరిచి, సైమిని మూటలా చుట్టి కూర్చోబెట్టాను. కెర్తు గుమ్మంలోకి వచ్చి ఏమిటని అడిగింది. చెప్పాను. కెర్తు తెల్లబోయి, గుమ్మం పట్టుకుని అలాగే నిలబడిపోయింది. అటునుంచి యాల్మారి కూడా బయల్దేరాడు. ఇద్దరం నడిమధ్యకు రావాలని మాట.

మెల్లగా నడిపాను, గాలి తగలకుండా. కనురెప్పలు అతుక్కుపోతున్నాయి. ఎదురుగా యాల్మారి దీపం మొదట చుక్కలా ఉండి, కదలనట్టే ఉండి, తర్వాత పెద్దదయింది. సరస్సు మీద ఎక్కడా ఇంకేమీ లేదు. బండి లేదు, మనిషి లేడు, మూడు రోజుల కిందటి మంచు మీద జాడ కూడా లేదు. యాల్మారి వచ్చి ఎదురుగా ఆగి, తల అడ్డంగా ఊపాడు.

సైమి నా వీపు మీద కొట్టింది. "ఇంజన్ ఆపు."

"ఆపితే మళ్ళీ లేవదు. ముగ్గురం ఇక్కడే ఉండిపోతాం."

"ఈ మోత పెట్టుకుని ఎవరి మాట వింటావు? ఆపు."

యాల్మారి నా వైపు చూసి తన ఇంజన్ ఆపేశాడు. ఇన్నేళ్ళ బాకీ కదా అతనిది, ఆమె ఏం చెప్పినా చేసేలా ఉన్నాడు. నేనూ ఆపాను.

మొదట ఏమీ లేదు. మా ఊపిరి గాల్లోనే గడ్డకట్టి రాలుతున్న చిటపట తప్ప. తర్వాత చెవులు తెరుచుకున్నాయి. కెర్తు తలుపు వేసిన చప్పుడు వినపడింది. మా కుక్క గొలుసు ఈడ్చుకుంటోంది. ఇటు పెరవారాలో ఎవరో పళ్ళెం దించారు. అన్నీ పక్కనే ఉన్నట్టున్నాయి, చెయ్యి చాస్తే తగిలేలా. ఆ మధ్యలోంచి ఒక ఆడగొంతు నెమ్మదిగా, వరసగా చదువుతోంది. దీవుల్లో ప్లస్ రెండు. దక్షిణ తీరంలో సున్నా. పడమటి తీరంలో మైనస్ తొమ్మిది. సైమి వంటింట్లో కట్టెయ్యకుండా వదిలేసిన రేడియో అది.

భయమంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. ఓయివా కూర్చున్న చోట కూర్చుని సైమి తన వంటిల్లు తను వింటోంది. తోళ్ళలోంచి బయటికి వచ్చి మంచు మీద నిలబడింది. నేను పట్టుకోబోతే చెయ్యి విదిలించుకుంది. ఆమె బుగ్గల మీద నీళ్ళు జారకముందే గడ్డకట్టాయి.

"ఓయివా!" అని అరిచింది. డెబ్బై దాటిన మనిషి గొంతు కాదది. "విన్నానురా! అప్పుడే విన్నాను! ఇప్పుడొచ్చాను! ఇంటికి రా!"

విన్నాం ముగ్గురం, ఎంతసేపో తెలియదు. ఏ జవాబూ రాలేదు. రేడియోలో మా ఊరి పేరు చదివారు. ఆమె ఇంకా నిలబడే ఉంది, తల ఒక పక్కకు వంచి. చివరికి యాల్మారి వచ్చి ఆమెను ఎత్తి స్లెడ్జిలో కూర్చోబెట్టాడు. పిల్లను ఎత్తినట్టే ఎత్తాడు, ఆమె ఏమీ అనలేదు. నా బండి లేవలేదు. అతనిది పది సార్లు లాగితే లేచింది. నా దాన్ని అక్కడే వదిలేసి, స్లెడ్జిని అతని బండికి కట్టి ముగ్గురం హల్లయోకి చేరాం.

సైమిని మా ఇంట్లోనే పొయ్యి పక్కన కూర్చోబెట్టాం. బతికే ఉంది. కెర్తు ఆమె చేతులు తన చంకల్లో పెట్టుకుని వేడి చేస్తోంది. పాపం సైమి, అంత దూరం వెళ్ళి వట్టి చేతులతో తిరిగొచ్చిందే అని నాకు దుఃఖం వచ్చింది. ఆ మాటే పైకి అన్నాను, "జవాబు రాలేదు కెర్తూ" అని.

కెర్తు నా వైపు వింతగా చూసింది. "రాలేదా? మరి పలికింది నువ్వు కాదా?"

"ఎవరు పలికారు?"

"సైమి పిలిచింది కదా, ఇంటికి రమ్మని. అంతా విన్నాను, వెనక తలుపు వేసి గుమ్మంలోనే నిలబడ్డాను. వెంటనే మగగొంతు పలికింది. నువ్వు కాకపోతే యాల్మారి అనుకున్నాను."

యాల్మారి కాఫీ కప్పు కింద పెట్టేశాడు. "నేను నోరు విప్పలేదు" అని ఫోన్ తీసి ఇంటికి చేశాడు. అతని భార్య, ఆవిడా గుమ్మంలోనే ఉందట, విన్నానని చెప్పింది. హల్లయోకి వాళ్ళెవరో పలికారు కదా, మనిషి దొరికాడా అని అడిగింది.

సైమి కెర్తు చంకల్లోంచి తన చేతులు తీసుకుని, "ఏమన్నాడే?" అని అడిగింది.

"వస్తున్నా అన్నాడు."

సైమి లేచింది. కోటు వేసుకుంది. ఇక్కడే పడుకోమని కెర్తు బతిమాలితే వినలేదు. వాకిట్లోదాకా నేను వెళ్ళాను. ఒక్కదానివే ఉండగలవా, భయం వెయ్యదా అని అడిగాను.

"పిచ్చివాడా, భయం దేనికి? పొయ్యి చల్లారిపోయి ఉంటుంది, ఆ బెంగ నాది" అని గబగబా నడిచిపోయింది. కాసేపటికి ఆమె పొగగొట్టంలోంచి పొగ లేచింది. చలిలోంచి ఇల్లు చేరేవాడికి కాచి ఉంచే ఆవిరిస్నానం గది పొగగొట్టంలోంచి కూడా లేచింది.

ఆ తర్వాత సైమి ఇంకా కొన్ని చలికాలాలు బతికింది. దీవులకు వెళ్ళలేదు. కానీ "ఎవరది?" అని మళ్ళీ ఎప్పుడూ అరవలేదు. గుమ్మంలో నిలబడడం మానేసింది. ఒళ్ళు చేసింది, మాటల్లో ఎకసెక్కం పెరిగింది, కొట్లో రెండింతల కాఫీ గింజలు కొనేది. అడిగితే, ముసలితనంలో దాహం ఎక్కువన్నది. సరస్సు మీద ఎవరి పిలుపూ వినపడలేదు, మాకు గానీ పెరవారాకు గానీ.

మైనస్ నలభై దాటిన రోజుల్లో మాత్రం ఆమె ఇంటి వైపు నుంచి మాటలు వచ్చేవి. తడి బూట్లతో లోపలికి రావద్దని ఎన్నిసార్లు చెప్పాలి అని ఆమె కసురుకోవడం. కాసేపు ఆగడం. తర్వాత తగ్గు గొంతుతో ఒక మగమనిషి నవ్వు.

మొదటిసారి అది విన్నప్పుడు కెర్తు, నేను బల్ల దగ్గర చేపల సూపు తింటున్నాం. కెర్తు చెంచా గాల్లోనే ఆగింది. నా మొహం చూడకుండా, "పెరవారా వాళ్ళే అయ్యుంటారు" అంది.

"ఆ, వాళ్ళే" అన్నాను.

ఫోన్ బల్ల మీదే, నా చేతికి అందేంత దూరంలోనే ఉంది. ఇద్దరం సూపు తిన్నాం.